పొరలు అతికే గది

నేను పుట్టిన చోట మిల్లే ఊరు. మధ్య అండమాన్‌లో ఒక సముద్రపు పాయ ఒడ్డున అడవి నరికి ప్లైవుడ్ మిల్లు పెట్టారు. దాని చుట్టూ క్వార్టర్లు, ఒక డిస్పెన్సరీ, ఒక హిందీ బడి, రేకుల కప్పుతో ఒక తెలుగు చర్చి. సైరన్ మోగితే లేచేవాళ్లం, సైరన్ మోగితే తినేవాళ్లం. నాన్న శ్రీకాకుళం వైపు మనిషి. ద్వీపాల్లో పని దొరుకుతుందని విని పెళ్లికి ముందే ఓడెక్కి వచ్చేశాడు. తర్వాత వెళ్లి అమ్మను పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగాక ఊరు ఇంకా రాలేదని, మళ్లీ పడవెక్కాలని తెలిసి అమ్మ రేవులోనే కూలబడి ఏడ్చిందట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న నవ్వేవాడు. అమ్మ నవ్వడం నేను చూడలేదు.

మా ఇంట్లో గదికీ గదికీ మధ్య గోడలు ప్లైవుడ్‌వే. మిల్లులో పనికిరావని పక్కన పడేసిన పలకలు కూలీలకు ఇచ్చేవారు. వానాకాలం ముదిరేసరికి అవి చెమ్మ పీల్చి ఉబ్బేవి, అంచుల దగ్గర పొరలు విడిపోయేవి. మంచం మీద పడుకుని నేను వాటిని గోటితో లాగుతుంటే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. "గోడనే తినేత్తావేటే?" అనేది.

ప్లైవుడ్‌ను చూసి చాలామంది చెక్కను పలకలుగా కోస్తారనుకుంటారు. కోయరు, ఒలుస్తారు. మా అడవిలో నిటారుగా పెరిగే గర్జన్ అనే మాను దుంగను ఉడకబెట్టి, యంత్రానికి బిగించి తిప్పుతారు. పొడవాటి కత్తి ఒకటి దాన్ని ఆనుకుని ఉంటుంది. దుంగ తిరుగుతున్నకొద్దీ పల్చటి పొర, తానులోంచి గుడ్డ వచ్చినట్టు, బారులు బారులుగా ఊడి వస్తుంది. ఆ యంత్రం మీద మనిషి మా నాన్న. మిల్లులో అది పెద్ద పనే. కత్తి కాస్త ఎక్కువ ఆనితే పొర మందమవుతుంది, తగ్గితే చిరుగుతుంది. నాన్న ఆ చప్పుడు విని సర్దేవాడు. ఒలవగా ఒలవగా చివరికి చేయి లావు గుంజ ఒకటి మిగిలేది. మా ఊరి కంచెలన్నీ ఆ గుంజలే.

ఊడివచ్చిన పొరల్ని ఆరబెట్టి, జిగురు రాసి, ఒకదాని నార నిలువుగా ఉంటే దాని మీది దాని నార అడ్డంగా ఉండేలా పేర్చి, వేడి ప్రెస్సులో నొక్కితే ప్లైవుడ్. మూడు పల్చటి పొరలది టీ పెట్టెల కోసం కలకత్తా పోయేది. మిల్లుకు ముఖ్యమైన పని అదే. ఐదు పొరలది, ఏడు పొరలది బల్లలకీ బీరువాలకీ. మధ్యలో చెక్క పట్టీలు పక్కపక్కన పేర్చి, పైనా కిందా పొరలు అతికితే బ్లాక్ బోర్డు, బడిలో నల్లబల్ల కాదు. పొడుగాటి అరలు నడుం వంగకుండా ఉండాలంటే అదే వాడాలి. తలుపులు కూడా ఇంచుమించు అలాగే చేసేవారు. పడవలకు వేసేదానికి వేరే జిగురు వాడేవారు, నీళ్లలో మరగబెట్టినా విడిపోనిది. మా బడి బెంచీలు, డిస్పెన్సరీలో మందుల అరలు, చర్చిలో పాస్టరుగారు బైబిలు పెట్టుకునే బల్ల, అన్నీ మిల్లు సరుకే.

అమ్మ అతుకుల గదిలో పనిచేసేది. అందులో అందరూ ఆడవాళ్లే. పెద్ద కిటికీల పక్కన పొడుగాటి బల్లలుండేవి. చిన్న పొరల్ని అంచుకు అంచు కలిపి, జిగురు కాగితం తడిపి అంటించి, ఒక పెద్ద పొరగా చేసేవారు. ముడులూడి చిల్లులు పడ్డచోట అదే రంగు, అదే నార ఉన్న ముక్క వెతికి సరిగ్గా కోసి అందులో కూర్చేవారు. మా తెలుగువాళ్లు, బెంగాలీలు, రాంచీ వైపువాళ్లు, అందరూ కలిసి హిందీలో మాట్లాడుకునేవారు. పక్క షెడ్డులోంచి వచ్చే జిగురు ఘాటుకు అందరి కళ్లూ ఎర్రగా ఉండేవి. అమ్మ ఇంటికొచ్చాక కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే వంట చేసేది. ఆమె ఏడ్చిందో లేదో ఆ రోజుల్లో మాకు తెలిసేది కాదు.

నేను ఐదో తరగతిలో ఉండగా నాన్న చేయి పోయింది.

ఒలిచిన పొరను కొలతకు తెగగొట్టే కత్తి దగ్గర పనిచేసే మనిషికి మలేరియా తగిలింది. ఆ రోజుకు నాన్నను అక్కడ నిలబెట్టారు. తడి పొర ఒకటి కత్తి కింద ఇరుక్కుంది. నాన్న దాన్ని చేత్తో ముందుకు నెట్టాడు. కత్తి దిగింది. కుడి చేతికి బొటనవేలు తప్ప మిగతావి మిగల్లేదు. నేను బడినుంచి వచ్చేసరికి మిల్లు బోటు ఆయన్ను ఎక్కించుకుని పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిపోయింది. అమ్మ కూడా వెళ్లింది. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ నన్ను తన దగ్గర కూర్చోబెట్టుకుని అన్నంలో చేప కలిపి పెట్టింది. "బాబా ఠీక్ హో జాయేగా," నాన్నకు నయమైపోతుందని అంటూనే ఉంది. ఆమె చీర అంచున నెత్తురు ఉంది. అది ఎవరిదని నేను అడగలేదు.

వాళ్లు తిరిగొచ్చేసరికి వానలు వెనకబట్టాయి. నాన్న చేతికి తెల్లటి కట్టు. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి మిల్లు పొగగొట్టాన్ని చూసేవాడు. మిల్లువాళ్లు ఆయన్ను తీసెయ్యలేదు. తేలిక పని ఇస్తామన్నారు. ఆ తేలిక పని అతుకుల గదిలో.

"నాను ఎల్లను," అన్నాడు నాన్న.

"ఎల్లకపోతే ఏటి చేత్తావు?" అంది అమ్మ.

"ఆడోల్ల మద్దెన కూకుని కాయితాలు అతికించమంటావా? నువ్వు పని సెప్తే నాను సెయ్యాలా?"

"నానెందుకు సెప్తాను? సూపర్‌వైజర్ సెప్తాడు."

"ఆడు సెప్పినా నువ్వు సెప్పినా ఒకటే."

మర్నాడు సైరన్‌కు అమ్మ ఆయన చొక్కా తీసి మంచం మీద పెట్టి తన దారిన తాను వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఆ చొక్కా అలాగే మంచం మీద ఉండేది. సాయంత్రం అమ్మ దాన్ని మడిచి పెట్టేది, పొద్దున్నే మళ్లీ తీసి పెట్టేది. ఒకరోజు నేను బడికి బయల్దేరుతుంటే నాన్న లేచి, ఎడమ చేత్తో బొత్తాలు పెట్టుకోలేక, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను పెట్టాను. ఆయన నా మొహంలోకి చూడలేదు.

మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లినప్పుడు నేను ఆ గదిలోకి తొంగి చూసేదాన్ని. నాన్న గోడవైపు తిరిగి, చివరి బల్ల దగ్గర కూర్చునేవాడు. తినే వేళకు అమ్మ దగ్గరికి వచ్చేవాడు కాదు, గిన్నె తీసుకుని దుంగలు నానేసే చెరువు దగ్గరికి పోయేవాడు. మిగతా ఆడవాళ్లు ఆయన్ను భయ్యా అని పిలిచి గౌరవంగానే ఉండేవారు. ఆ గౌరవం కూడా ఆయనకు సహించేది కాదు. పెద్ద యంత్రం చప్పుడు అక్కడికి బాగా వినిపించేది. ఇప్పుడు దాని మీద వేరే మనిషి ఉన్నాడు. చప్పుడులో ఏదో తేడా వస్తే నాన్న తల ఎత్తేవాడు, మళ్లీ దించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలో ఉండగానే ఆ గొడవ జరిగింది. పైకి కనపడే పొరలకు మంచి సరుకు ఏరి పెడతారు. అలాంటి వెడల్పాటి పొరను నాన్న ఎడమ చేత్తో ఎత్తబోయాడు. కుడి చేయి ఊతం ఇవ్వలేకపోయింది. పొర మధ్యకి చర్రున చిరిగింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"కిస్నే ఫాడా?" ఎవరు చింపారని అరిచాడు.

అమ్మ తన బల్ల దగ్గర్నుంచి లేచింది.

"మేరే సే ఫటా, సాబ్," అంది, నా చేతిలో చిరిగిందని.

వాడు అమ్మను నానా మాటలూ అన్నాడు. అమ్మ తల వంచుకుని నిలబడింది. నాన్న గోడవైపే తిరిగి ఉన్నాడు. ఆయన మెడ మీద నరం ఉబ్బడం నాకు కనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న అన్నం గిన్నె విసిరికొట్టాడు. అది ప్లైవుడ్ గోడకు తగిలి గోడ లోపలికి సొట్టపోయింది.

"నా తప్పు నీ మీదేసుకోమని నానడిగినానా?"

"ఆడు నిన్ను తిడితే నాను సూడలేను."

"నిన్ను తిడితే నాను సూడగలనా? అక్కడ కూకుని ఇన్నాను కదా. నోరెత్తలేకపోయాను కదా."

అమ్మ కింద పడ్డ మెతుకులు ఏరుతోంది. ఏరుతూనే, తల ఎత్తకుండా అంది: "నీకు చెయ్యి పోయింది. నాకేటి పోయిందో నువ్వెప్పుడైనా అడిగినావా? ఓడ దిగిన్నాడు మా అమ్మకి కబురంపించమన్నాను. పంపినావా? ఆవిడ సచ్చిపోయిన సంగతి నాకు ఏడాదికి తెలిసింది. అప్పుడు నాను గిన్నెలు ఇసిరినానా?"

నాన్న గుమ్మంలో కూలబడిపోయాడు. మా అమ్మమ్మ చనిపోయిన సంగతి అలా ఆలస్యంగా తెలిసిందని నేను వినడం అదే మొదటిసారి. ఆ ఇంట్లో అటువంటి మాటలు పలికేవారు కాదు. ఆ రోజు ఒక్కసారి పలికారు. తర్వాత అమ్మ ఏరిన మెతుకులు గిన్నెలో వేసి గోడ వారన కూర్చుంది. నేను కూడా వాళ్లకు కాస్త దూరంలో కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్లేసరికి నాన్న అమ్మ బల్ల దగ్గరే ఉన్నాడు. అమ్మ రెండు పొరల్ని అంచులు కలిపి అదిమి పట్టుకుంది. నాన్న ఎడమ చేత్తో కాగితం తడిపి అతుకు మీద వేసి, కుడి చేతి మొండితో నొక్కి రాశాడు. ఆ మొండి అందుకు బాగా పనికొచ్చింది. అంత సమంగా మిగతావాళ్ల అరచేయి నొక్కలేదు. ఒకరి చేయి ఆగే వేళకు రెండోవారి చేయి కదిలేది. అప్పట్నుంచి ఆ గదిలో వాళ్లది ఒకే బల్ల. అన్నం కూడా కలిసే తినేవారు. అమ్మ ఏదైనా పొర చూపించి "ఇది పైకి పనికొత్తాదా?" అని అడిగేది. నాన్న వెలుతురుకు పట్టి చూసి చెప్పేవాడు. సంతోషమని నేను అనను గాని, నాకు గుర్తున్న మంచి కాలం అదే. అది ఎక్కువ రోజులు నిలవలేదు.

తర్వాతి వానల్లో అమ్మకు కామెర్లు వచ్చాయి. ముందు కళ్లు పచ్చబడ్డాయి. ఆ గదిలో అందరి కళ్లూ ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి కాబట్టి ఎవరూ గమనించలేదు. వాంతులు మొదలయ్యాక డిస్పెన్సరీలో చేర్చాం. పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లాలని కాంపౌండర్ చెప్పాడు. పాయ దాటితే సముద్రం ఉప్పెనలా ఉంది, బోటు వెయ్యలేమన్నారు. నాన్న రోజూ పొద్దున్నే రేవుకు పోయి నిలబడేవాడు. బోటు నడిపే ఆయన ఆకాశం చూసి తల అడ్డంగా ఊపేవాడు. గాలి తగ్గకముందే అమ్మ వెళ్లిపోయింది. నాన్న అప్పుడు రేవులోనే ఉన్నాడు. నేనే పరుగెత్తుకెళ్లి చెప్పాను. ఆయన నన్ను చూడగానే తెలుసుకున్నాడు, నేను మాట పూర్తి చెయ్యాల్సిన అవసరం రాలేదు.

శవపెట్టె చెయ్యడానికి ఎండిన పలక లేదు. కోత మిల్లులో ఉన్నదంతా పచ్చి చెక్క, నీళ్లోడుతోంది. స్టోరు చూసే ఆయన మంచివాడే. జాలిపడి ఒక మాట చెప్పాడు. "టీ పేటీ వాలా మాల్ బహుత్ పడా హై. లే జావ్, భయ్యా." టీ పెట్టెల సరుకు బోలెడు పడి ఉంది, తీసుకుపొమ్మని.

"టీ పెట్టెది వొద్దు సాబ్," అన్నాడు నాన్న. "పల్చన. మట్టి బరువుకి ఆగదు. మోటా వాలా చాహియే, మందంది. నానే సేసుకుంటాను. మేనేజర్ సాబ్‌ని అడగండి."

మేనేజరు వద్దనలేదు. దుంగలు లేక ఆ రోజుల్లో ప్రెస్సు ఆగిపోయి ఉంది. బాయిలర్‌వాళ్లు మళ్లీ నిప్పు వేశారు. నాన్న అతుకుల గదిలోకి వెళ్లి పొరల కట్టలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి పక్కన పెట్టేవాడు. ఆడవాళ్లు ఎవరూ పిలవకుండానే వచ్చేశారు. ఒకరు పట్టుకుంటే ఒకరు కాగితం తడిపారు. అమ్మ చోటులో బెంగాలీ దీదీ నిలబడింది. నాన్న మొండి చేత్తో అతుకులు నొక్కుతున్నాడు. మధ్యలో ఒక పొరకు చిన్న ముడి చిల్లు కనిపించింది. దాన్ని వదిలెయ్యమని ఎవరో అన్నారు, లోపలి పొరే కదా, కనపడదు అన్నారు. నాన్న వినలేదు. ముక్క వెతికి కూర్చేదాకా అందర్నీ ఆపాడు.

ప్రెస్సులోంచి పలకలు వేడివేడిగా వచ్చాయి. వడ్రంగి పెట్టె బిగించాడు. రాంచీ నుంచి వచ్చిన ఒక ముసలామె అంచు మీద చేయి పెట్టి రాసి చూసింది. "దీదీ హోతీ తో ఇస్కో పాస్ కర్తీ," అంది. అమ్మ ఉంటే దీన్ని పాస్ చేసేదని. ఆ మాటకు నాన్న మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. జిగురు ఇంకా ఆరలేదు, పెట్టె దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేశారు. వాన చప్పుడుకు ఆయన మాటలు నాకు వినిపించలేదు. మేనేజరు కూడా వచ్చి బయట గొడుగు లేకుండా నిలబడ్డాడు.

ఆ తర్వాత నాన్న రోజూ పనికి పోయేవాడు. అమ్మ బల్ల దగ్గరే, దీదీతో కలిసి. నాకు వంట పని పడింది. బడి మానలేదు గాని ఎక్కువ చదవలేకపోయాను. తెలుగు చదవడం, రాయడం మాత్రం చర్చిలో నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆ తెలుగే.

నాకు పోర్ట్ బ్లెయిర్‌లో పెళ్లయింది. మా ఆయన అక్కడే షాదీపూర్ పేటలో ప్లైవుడ్, హార్డ్‌వేర్ కొట్టు నడిపేవాడు. ఈలోగా టీ పెట్టెలు పోయి కాగితపు సంచులు వచ్చాయి, మిల్లుకు కలకత్తా పని తగ్గిపోయింది. చివరికి చెట్లు కొట్టడం ఆపమని కోర్టు చెప్పింది. ఒకరోజు సైరన్ మోగలేదట. క్వార్టర్లు ఖాళీ చెయ్యమన్నారు. నాన్న ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చేశాడు.

కొట్టులోకి ఇప్పుడు సరుకంతా ఓడలో మద్రాసు నుంచి వచ్చేది. ప్లైవుడ్‌తో పాటు కొత్త రకాలు రావడం మొదలైంది. చెక్క ముక్కల పొట్టును జిగురుతో అదిమి చేసేది పార్టికల్ బోర్డు. చవకైన టేబుళ్లు, పిల్లల చదువు బల్లలు దాంతో చేసేవారు. పిండిలా నూరిన నారతో చేసేది ఎం.డి.ఎఫ్. నున్నగా ఉంటుంది, దానిమీద పువ్వులు చెక్కి రంగు వేస్తే అందంగా ఉంటుంది. వంటింటికీ స్నానాల గది పక్కకీ ఈ రెండూ వద్దని నేనే కొనేవాళ్లకు చెప్పేదాన్ని. మా గాలిలో ఉప్పూ చెమ్మా ఎక్కువ, రెండు వానలకు అంచులు రొట్టెలా పొంగుతాయి. అక్కడ నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్ వెయ్యాలి. పొడుగు అరలకు బ్లాక్ బోర్డు. బీరువా వెనకవైపు కప్పడానికి పల్చటి హార్డ్ బోర్డు చాలు. కొందరు వినేవారు, కొందరు నున్నగా ఉన్నదే కావాలనేవారు. నాన్న కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసేవాడు. ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. ఎప్పుడైనా కొత్త పలక దించితే దాని అంచు మీద ఎడమ చేయి పెట్టేవాడు, తర్వాత ఆ చేయి లుంగీకి తుడుచుకునేవాడు.

ఒకసారి నన్ను అడిగాడు. "అమ్మీ, మిల్లు కాడికి ఎల్దామా?"

అప్పటికి రోడ్డు పడింది. ఉత్తరాన డిగ్లీపూర్ పోయే బస్సెక్కి దారిలో దిగాం. అక్కణ్నుంచి జీపులో వెళ్లాం. ముందు శ్మశానానికి వెళ్లాం. శిలువ ఒరిగిపోయి ఉంది. నాన్న చుట్టూ గడ్డి పీకాడు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నాడు. తర్వాత మిల్లు గేటు దగ్గరికి వచ్చాం. రేకులు చాలా మటుకు ఊడదీసుకుపోయారు. పెద్ద యంత్రం ఉన్న చోట సిమెంటు దిమ్మె మాత్రం ఉంది. దుంగల చెరువు నిండా గుర్రపుడెక్క. కాపలా మనిషి కుర్రవాడు, ఎక్కణ్నుంచో కొత్తగా వచ్చినవాడు. ఎవరు మీరని హిందీలో అడిగాడు.

నాన్న తన కుడి చేతిని లుంగీ మడతలో పెట్టుకున్నాడు.

"మేరీ ఘర్‌వాలీ యహా కామ్ కర్తీ థీ," అన్నాడు. నా భార్య ఇక్కడ పనిచేసేది.

తానూ అక్కడే పనిచేశానని చెప్పలేదు. లోపలికి వెళ్లి చూస్తారా అని ఆ కుర్రవాడు తాళం తీయబోయాడు. నాన్న వద్దని చెయ్యి ఊపాడు. మేం రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. అది చాలా ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్క సీటు నాన్నకిచ్చాను. ఇంటికొచ్చాక అన్నం తిని, అమ్మకు ఇష్టమైన కీర్తన ఏదని నన్ను అడిగాడు. నాకు గుర్తు లేదని చెప్పాను. తనకీ గుర్తు రావడం లేదన్నాడు.

ఆ మరుసటి ఏడాది వానల్లో ఆయన పోయాడు. షాదీపూర్ నుంచి అమ్మ ఉన్న చోటికి తీసుకెళ్లే వీలు లేక పోర్ట్ బ్లెయిర్‌లోనే పాతిపెట్టాం.